ఎత్తు, దించు

తూనీగకి పదిహేడేళ్ళు. ఆ పేరు తండ్రి పెట్టింది. బడి రికార్డుల్లో ఇంకో పేరుంది గానీ ఇంట్లో దాంతో పనిపడలేదు. పన్నెండో తరగతి పరీక్షలయిన మర్నాడే వంటింటి బల్ల మీద తెల్లకాగితం పరిచి మూడు గీతలు గీసింది. సైన్యంలో హెలికాప్టర్ నడపడానికి మూడు దారులు. ఒకటి, లెక్కలూ ఫిజిక్సూ చదివినవాళ్ళు ఇప్పుడే అకాడమీలో చేరడం. రెండోది డిగ్రీ అయ్యాక. మూడోది కాస్త చుట్టుదారి: ముందు మెకానిక్‌గా చేరి, కొన్నేళ్ళు నూనె మరకల్లో గడిపి, లోపల్నించే పైలట్ శిక్షణకి అర్జీ పెట్టుకోవడం. గీతలు మూడూ ఎంపిక పరీక్ష దగ్గర కలిశాయి.

"ఎటు తిరిగినా ఒక్క గుమ్మమేనన్నమాట," అంది అమ్మ. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే మనిషి. ఎంత కోడిగీతల చిరునామా అయినా ఒక్క చూపులో పట్టేస్తుంది. "ముందు మీ నాన్న గుమ్మం దాటు."

అకాడమీ ఫారంలో, పద్ధెనిమిది నిండనివాళ్ళకి తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం చెయ్యాలని ఉంది. అమ్మ చేసేసింది. తండ్రి గడి తొమ్మిది రోజులుగా ఖాళీ. రేపు సాయంత్రంతో గడువు అయిపోతుంది.

ఆయన టవర్ క్రేన్ ఆపరేటరు. ఇరవై రెండేళ్ళుగా గాజుగదిలో ఒక్కడే కూర్చుని, కింద సైగలవాడు రేడియోలో చెప్పే మాటల మీద ఇనపకడ్డీల కట్టలు లేపుతూ దింపుతూ ఉంటాడు. ఇంట్లోనూ మాటలు తక్కువే. ఫారం సంగతెత్తితే వద్దనడు, సరేననడు. "బెల్లం కొట్టిన రాయి," అంటుంది అమ్మ. తూనీగకి కోపం కన్నా కుతూహలమే ఎక్కువ. వద్దనని మనిషి లోపల ఏం పెట్టుకుని ఉంటాడు?

ఎంపికలో ఒక విచిత్రమైన పరీక్ష ఉంది. తెర మీద ఒక పదం వస్తుంది. పదిహేను సెకన్లలో, దాన్ని చూడగానే తోచిన వాక్యం రాయాలి. అలా అరవై పదాలు. సాధన కోసం ఫిజిక్స్ మాస్టారు అట్టముక్కల మీద పదాలు రాసిచ్చారు. "తోచిందే రాయి. కానీ మంచిదే తోచాలి," అన్నారు. నవ్వలేదు కూడా.

రాస్తూ రాస్తూ తూనీగ ఒకటి గమనించింది. 'చీకటి' అనగానే ముందొచ్చింది, చిన్నప్పుడు లిఫ్టులో ఇరుక్కుపోయినప్పటి ఇనప వాసన. చెయ్యి రాసింది మాత్రం, 'చీకటి వెనకే వెలుగు ఉంటుంది.' ఈ రెంటి మధ్యా ఎవడో కాపలావాడు నిలబడి ఉన్నాడు. వాణ్ణి ఎవరు పెట్టారు? పరీక్ష పెట్టేవాళ్ళు చూడాలనుకునేది తననా, వాణ్ణా?

గడువుకి ముందురోజు సాయంత్రం తండ్రిని కూర్చోబెట్టి అట్టలు చేతికిచ్చింది.

"చదవడమే కదా?"

"చదివి, గడియారం చూడు. అంతే నాన్నా."

ఆయన చదివాడు. గాలి. స్నేహం. ఓటమి. ఒక్కో పదాన్నీ బరువు చూసి పక్కన పెడుతున్నట్టు చదివాడు. తర్వాతి అట్ట తీసి, గొంతు మార్చి, గట్టిగా అన్నాడు:

"ఎత్తు!"

తూనీగ చెయ్యి ఠక్కున పైకి లేచింది. పెన్ను గాల్లో ఉండిపోయింది. మాస్టారు ఉద్దేశించింది కొండంత ఎత్తు. ఆయన చదివింది రోజుకి వందసార్లు వినే ఆజ్ఞ.

"బాగుంది వరస," అమ్మ పడీపడీ నవ్వింది. "కూతుర్ని కూడా కొక్కేనికి తగిలించాడు!"

ఆయనా నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. గాల్లో ఉన్న ఆ చేతికేసే చూస్తూ ఉండిపోయాడు. పదిహేను సెకన్లు దాటినా తర్వాతి అట్ట తియ్యలేదు. "రేపు చూద్దాం," అని లేచాడు.

మర్నాడు ఆయన పనిలోకి వెళ్ళాక అట్టలు సర్దుతుంటే, వెనకవైపు గీతలేవో కనిపించాయి. సైట్లో గుర్తులు పెట్టే నీలం పెన్సిలు. ఆయన అక్షరాలే. పరీక్ష ఆయనా రాశాడు.

'గాలి: గాలి ఎక్కువైతే పని ఆపాలి. ఆపుదామంటే సూపర్‌వైజరు వినడు.'

'స్నేహం: రేడియోలో గొంతు తెలుసు, మొహం తెలీదు.'

'ఓటమి' ఖాళీ. 'ఎత్తు' మీద రెండుసార్లు కొట్టేసి రాశాడు: 'ఎత్తమన్నప్పుడు ఏం ఎత్తుతున్నానో చూస్తాను. పిల్లకి అక్కడ చూసే వీలిస్తారా?'

తూనీగ ఆ అట్టని చాలాసేపు పట్టుకుని కూర్చుంది. పడిపోతుందనే ఆయన భయం అనుకుంది ఇన్నాళ్ళూ. కాదు. ఏమీ అడక్కుండానే లేచిన చేతిని చూసి భయపడ్డాడు.

మూడింటికి ఆయన వచ్చి చేతులు కడుక్కుంటుంటే అట్ట చూపించింది. దాచుకోలేదాయన.

"హెలికాప్టరూ క్రేనే కదే. బరువు లేపుతుంది, దింపుతుంది. ఎత్తమంటారు. కిందున్నదేంటో నీకు కనపడదు. ఏం చేస్తావు?"

ఆమె నోటిదాకా ఒక వాక్యం వచ్చింది: క్రమశిక్షణే సైనికుడికి ప్రాణం. కాపలావాడు తయారుగానే ఉన్నాడు. తండ్రి అలవాటుగా గడియారం చూశాడు. అయిదు సెకన్లు. పది. పదిహేను.

"తెలీదు నాన్నా," అంది. "అడుగుతాననుకుంటున్నా. అక్కడికెళ్ళాక నాకు అడగాలని గుర్తుంటుందో లేదో, అదే తెలీట్లేదు."

ఆయన చేతులు తుడుచుకున్నాడు. వేళ్ళ సందులు కూడా.

"మొదట్లో నాకూ గుర్తుండేది కాదు. ఒకసారి తడిసిన మట్టిబస్తాలు రెట్టింపు బరువుండి క్రేన్ ఒరిగింది. అప్పట్నించీ అడుగుతున్నా. తిట్లు తింటూనే అడుగుతున్నా." తువ్వాలు పక్కన పెట్టి, "తెలుసని చెప్పుంటే సంతకం చేసేవాణ్ణి కాదు. ఏదీ, ఫారం తే."

నీలం పెన్సిలు తియ్యబోతే, "పెన్నుతో!" అంటూ లాక్కుంది. తొమ్మిది రోజుల ఖాళీ గడిలో, బండరాళ్ళు పేర్చినట్టు నెమ్మదిగా ఆయన పేరు కూర్చుంది.

కింద ఇంకో గీత ఉంది. అభ్యర్థి సంతకం. అది ఇన్నాళ్ళూ ఆమె కంటికి ఆనలేదు. మిగిలింది తన సంతకమే అయ్యేసరికి పెన్ను కాగితానికి అంగుళం పైన ఆగింది. ఏం ఎత్తుతున్నాను? ఎవరికి దింపుతాను? మొదటిసారి ఆ ప్రశ్న తండ్రిది కాకుండా తనదైంది. భయంగానూ ఉంది, అవతల ఏముందో చూడాలనీ ఉంది.

ఆయన తొందరపెట్టలేదు. తీగ చివర బరువు ఊగడం ఆగేదాకా చూసేవాడిలా ఆ పెన్ను మొనకేసే చూశాడు. అది కుదురుకున్నాక, రేడియోలో వినే గొంతుతో, మెల్లిగా అన్నాడు:

"దించు."