దూలమంత బీడీ

నేను ఒక జంఖానాను. వరంగల్‌లో మగ్గం మీద పుట్టాను. ఒంటినిండా నీలం, ఎరుపు చారలు. మొదట పెళ్ళిళ్ళకు అద్దెకు పోయేదాన్ని. పదేళ్ళపాటు నా మీద కూర్చున్నవాళ్ళు పప్పులో ఉప్పు సంగతి తప్ప మరొకటి మాట్లాడలేదు. అంచులు చిరిగాక నన్ను కోరుట్ల దగ్గర ఒక మహిళా సంఘానికి ఇచ్చేశారు.

అక్కడ అందరూ బీడీలు చుట్టేవాళ్ళే. శనివారం శనివారం హైదరాబాద్ నుంచి ఒక మేడమ్ వచ్చేది. మనసులో బరువు ఒంట్లో దాక్కుంటుందని, ఒళ్ళు కదిలిస్తే అదీ కదులుతుందని చెప్పేది. డాన్సుతో వైద్యమట. ఆడవాళ్ళు సిగ్గుపడుతూ నా మీద నిలబడేవారు. గంగమణి పాదాలు మాత్రం రెండు రాళ్ళు పెట్టినట్టు ఉండేవి.

ఆమెను తీసుకొచ్చింది ఆడబిడ్డ లసుమవ్వ. "మా తమ్ముడు పోయి ఏడు నెలలాయె మేడమ్. ఈమె కన్ను మూస్తే చాలు, చేతులు బీడీలు చుడుతయి. ఉలిక్కిపడి లేస్తది. ఒక్కనాడు సక్కగ పన్నది లేదు. గిట్లయితే మనిషి దక్కుతదా?"

మేడమ్ అందరినీ కళ్ళు మూసుకోమంది. చేతులు ఎటు పోతే అటు పోనివ్వమంది. గంగమణి వేళ్ళు గాలిలో తిరగసాగాయి.

"ఎంత బాగుంది! అందరూ ఇలాగే చేయండి."

ఇరవై మంది గాలిని చుట్టారు. వాళ్ళలో పోసాని పక్కున నవ్వింది. "అయ్యో మేడమ్, గది డాన్స్ గాదు, బీడీ! ఇంట్ల జేసొచ్చిందే ఈడ గూడ జేపిస్తున్నవ్!"

మేడమ్ ముఖం ఎర్రబడింది. కాసేపు ఆలోచించి, "అయితే పెద్దది చుడదాం. దూలమంత," అంది. చేతులు బార్లా చాచి, నడుములు వంచి చుట్టారు. గంగమణి మడమ మొదటిసారి లేచింది.

"ఇక కింద పెట్టేయండి."

అందరూ పెట్టారు. గంగమణి చేతులు చాచి అలాగే నిలబడింది. "ఏడ పెట్టాలె?"

నాలుగు శనివారాలు అంతే. ఐదో వారం ఆమె పొరుగింటి సంగతి చెప్పినట్టు చెప్పింది. "ఆయన లోపటికెల్లి పిలిచిండు. ఈ కట్ట అయినంక వస్త అన్న. ఇంక ఆరు బీడీలే ఉండె. చుట్టి పోయిన. అప్పటికే అయిపోయింది."

పోయినవాడు లసుమవ్వకు తోడబుట్టినవాడు. ఆమె పాదాలు నా మీద చాలాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా నడిచి వచ్చి, గంగమణి ఎదురుగా చేతులు చాచింది.

"ఆ కొస నువ్వు పట్టు గంగా. ఈ కొస నేను పడ్త."

ఇద్దరూ వంగి, లేని బీడీని నా ఎర్ర చార మీద పెట్టారు. గంగమణి ఏడవలేదు. దాని పక్కనే ఒరిగింది. కాసేపటికి వేళ్ళు విచ్చుకుని నా మీద పడ్డాయి. పొద్దుగూకేదాకా నిద్ర లేవలేదు. ఆ రోజు నన్నెవరూ మడవలేదు.

ఇప్పుడు మేడమ్ రావడం లేదు. సంఘం సామాన్ల గదిలో ఉన్నాను. ఒక మూల ఎలుకలు కొరికాయి. మీటింగులకు పరిచి, మళ్ళీ మడిచేటప్పుడు గంగమణి అంటుంది, "ఆ ఎర్ర చార కాడ మడవకుండ్రి."

"ఏముందక్కా ఆడ?" అని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతారు.

ఆమె చెప్పదు. లసుమవ్వ వచ్చి రెండో కొస పట్టుకుంటుంది. ఇద్దరూ ఆ చారను వదిలి మడుస్తారు.