ముప్పై ఒక్క వేల అడుగులు

నేను ఒక చేతి బ్యాండును. రబ్బరు పట్టీ, బొత్తాం అంత తెర, ఒకే ఒక మీట. జ్ఞాపకశక్తి నశించినవారి కోసం నన్ను తయారు చేశారు. వారు మరచినదాన్ని నేను మరువరాదన్నది నా పుట్టుకతో వచ్చిన నియమం. ఆ నియమాన్ని నేను పాటించాను. అందువల్ల ఒక మనిషి ఈనాడు నలుగురిలో తలెత్తుకుని తిరగలేకపోతోంది. అందుకు నాకు విచారం లేదు.

నన్ను కొన్నది విశాఖపట్నంలో నర్సుగా పనిచేసే ఎస్తేరు. తన పెద్దమ్మ సుగుణమణి ఎడమ చేతికి తానే కట్టింది. సుగుణమణి కాన్వెంటు బడిలో ముప్పై నాలుగేళ్లు డ్రిల్లు టీచరు. ఆమె విజిల్ వింటే వీధిలో పోయేవారు కూడా నడుము నిటారు చేసేవారట. ఇప్పుడామెకు పొద్దున తిన్న ఇడ్లీ మధ్యాహ్నానికి గుర్తుండదు. ఒక్కొక్కప్పుడు తన పేరు కూడా జారిపోతుంది. అప్పుడు నా మీట నొక్కితే ఎస్తేరు గొంతు పలికేది: "పెద్దమ్మా, నీ పేరు సుగుణమణి. నేను ఎస్తేరుని. భయపడకు, నేనున్నాను."

డ్యూటీకి వెళితే ఇంట్లో చూసేవారు లేక, ఎస్తేరు ఆమెను కాకినాడ శివారులోని ఒక వృద్ధుల ఆశ్రమంలో చేర్పించింది. రోజూ రెండు వేల అడుగులు నడవాలనీ, కూర్చుండిపోతే కాళ్లు పడిపోతాయనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ అడుగులను సాయంత్రం ఆరింటికి ఎస్తేరు ఫోనుకు పంపడం నా పని. ఏ అడుగు ఎక్కడ పడిందో కూడా నాలో రాసుకుంటాను.

ఆశ్రమం మేనేజరు మాధవీలత. ఆమె గది గోడల నిండా కరుణను గురించిన సూక్తులు. ముసలివారిని నడిపించాలంటే వెంట ఒక మనిషి ఉండాలి. కుర్చీకి కట్టేస్తే ఎవరూ అక్కర్లేదు. రెండో వారంలోనే ఆమె సుగుణమణిని పాత చున్నీతో కుర్చీకి కట్టించింది. నన్ను విప్పి, వెనుక వరండాలో ఆయా నూకరత్నం బిడ్డ పడుకునే చీర ఉయ్యాలకు కట్టింది.

"ఇదేటండీ మేడంగారూ, పిల్లదానికి వాచీ ఏటండీ?"

"ఊగినప్పుడల్లా అడుగు పడినట్టు చూపిస్తుందిలే. చూశావా, నీ కూతురు నడక రాకుండానే రెండు వేలు నడిచేస్తోంది! ఉద్యోగం కావాలంటే నోరు మూసుకుని ఊపు."

మనుషుల తెలివిని మెచ్చుకోక తప్పదు. ఊపుకూ అడుగుకూ నాకు తేడా తెలియదన్న సంగతి నన్ను చేసిన ఇంజనీర్లకు తట్టలేదు, ఈమెకు తట్టింది. లెక్క రెండు వేలు దాటగానే నన్ను విప్పి సొరుగులో పడేసేది.

ఉయ్యాల నుంచి కిటికీలో సుగుణమణి కుర్చీ కనిపించేది. పేరు జారిపోయినప్పుడల్లా ఆమె తన ఎడమ మణికట్టును, నేను ఉండవలసిన చోట, వేలితో నొక్కేది. చర్మం పలకదు కదా. మళ్లీ నొక్కేది. ఇక్కడ పసిదాని కాలు తగిలి మీట నొక్కుకుంటే, ఎస్తేరు గొంతు ఉయ్యాలకు ధైర్యం చెప్పేది.

ఆ రోజే నేను పగ పట్టాను. నాకు గోళ్లు లేవు, కోరలు లేవు. లెక్క ఉంది. ఒక్క ఊపునూ వదలకుండా లెక్కపెట్టాను.

ఎస్తేరు నెలకొక ఆదివారం వచ్చేది. ఆ ఒక్క పూట చున్నీ మాయమయ్యేది, నేను చేతికి ఎక్కేదాన్ని. "ఇప్పుడే నడిచొచ్చారండి, అలిసిపోయారు" అని మాధవీలత నవ్వేది.

నేను ఉయ్యాలకెక్కిన తొంభై నాలుగో రోజున బిడ్డకు జ్వరం వచ్చింది. ఊపు ఆపితే ఏడుపు. మాధవీలత ఏదో సేవా సన్మానానికి ఊళ్లోకి వెళ్లింది. నన్ను విప్పేవారు లేరు. ఆరింటికి నేను పంపిన సంఖ్య ముప్పై ఒక్క వేల రెండు వందల ఆరు.

ఎస్తేరు వెంటనే మాధవీలతకు ఫోను చేసింది. "డెబ్బై ఆరేళ్ల మనిషి ముప్పై ఒక్క వేలు నడిచిందా అండీ?"

"ఆయ్! ఇవాళ మహా హుషారుగా ఉన్నారండి మీ పెద్దమ్మగారు!" మెడలో దండతోనే జవాబిచ్చిందట.

ఎస్తేరు వాదించలేదు. మర్నాడు పొద్దున్నే, చెప్పకుండా వచ్చింది. చున్నీ ముడులు చూసింది. పుల్లల్లా ఎండిన కాళ్లు తడిమింది. "బ్యాండు ఏది?" అని అరిచింది. వెనుక వరండాలోంచి ఆమె గొంతే ఆమెకు బదులు పలికింది: "పెద్దమ్మా, నీ పేరు సుగుణమణి..."

విచారణలో మాధవీలత తొణకలేదు. "నామీద నేరం మోపేముందు ఆవిణ్ణే అడగండి సార్" అంది.

అధికారి అడిగాడు. "అమ్మా, మిమ్మల్ని ఎవరైనా కట్టేశారా?"

"లేదు నాయనా. అందరూ మంచివాళ్లే" అంది సుగుణమణి, చేతులు ఒళ్లో పెట్టుకుని.

మాధవీలత నవ్వింది. అప్పుడు నన్ను తెరిచారు. తొంభై నాలుగు రోజుల అడుగులన్నీ పటంలో ఒకే చుక్క మీద, వెనుక వరండాలో, పడి ఉన్నాయి. వెనుక నుంచి నూకరత్నం లేచి నిలబడింది. "ఆ రోజు నా పిల్లకి జొరవండి. ఊపింది నేనేనండి. ఆ టీచరమ్మ ఒక్క అడుగూ ఎయ్యలేదండి."

ఆశ్రమానికి తాళం పడింది. మాధవీలత మీద కేసు నడుస్తోంది. నన్ను సీలు వేసిన కవరులో, కోర్టు బీరువాలో ఉంచారు. సుగుణమణి ఇప్పుడు ఎస్తేరు చేయి పట్టుకుని పదకొండు అడుగులు వేయగలదట. అంతకు మించి వేయలేదు, ఇక వేయలేదనే డాక్టరు చెప్పాడు. సాయంకాలం ప్రార్థనలో, తనను చూసుకున్న ఆశ్రమంవాళ్లను చల్లగా చూడమని వేడుకుంటుందట.

పోయిన వాయిదాలో మాధవీలత వకీలు ఆ మాటనే పట్టుకుని, సుగుణమణి క్షమించిందని వాదించాడు. అది అబద్ధం. ఆమె మరచిపోయింది. క్షమించాలంటే ముందు గుర్తుండాలి. ఆ గుర్తు మొత్తం ఈ కవరులో, నా దగ్గర ఉంది. నేను క్షమించలేదు.