వెనక్కి తిప్పకూడని బండి

పానకాలు గురుస్వామి అంటే మా ఊరి అయ్యప్ప స్వాములకే హడల్. ఆయనకిది పద్దెనిమిదో యాత్ర. ఆ ఏడు కొండ మీద నాటాల్సిన కొబ్బరి మొక్క కూడా తెచ్చి పెట్టుకున్నాడు. నా వ్యాన్ మాట్లాడుకున్నప్పుడే షరతులు పెట్టాడు. బండికి పసుపునీళ్లు చల్లాలి, నేను తలస్నానం చేసి రావాలి, దారిలో సిగరెట్ ముట్టకూడదు.

"ఇమ్మానియేలూ, నీ దేవుడు నీకు, మా నియమం మాకు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది గానీ ఒప్పుకున్నాను.

డిసెంబరు నెల. పొద్దున్నే ఇరుముళ్లు తలకెత్తుకుని, గడప ముందు కొబ్బరికాయలు కొట్టి స్వాములు బయలుదేరారు. అలా కదిలాక వెనక్కి తిరగకూడదు. కొండకెళ్లి వచ్చేదాకా ఇంటి ముఖం చూడకూడదు. భార్య కోటిరత్నం వాకిట్లోనే నిలబడి ఉన్నా గురుస్వామి తల తిప్పలేదు. చీరాలలో రైలు అందుకోవాలి.

ఊరు దాటి కాస్త దూరం పోయామో లేదో, పత్తి చేల దగ్గర ఒక ఆడమనిషి రోడ్డుకి అడ్డంగా వచ్చింది. మా ఊరి చెంచమ్మ. గట్టు మీద ఆమె మొగుడు బుల్లయ్య పడి ఉన్నాడు. పచ్చపురుగుకి మందు కొడుతూ కూలబడ్డాడట. నోట్లో నురగ, చొక్కా నిండా మందు తడి.

పరిగెత్తుకొచ్చిన చెంచమ్మ నల్లబట్టలు చూసి ఠక్కున ఆగింది. గబగబా వెనక్కి జరిగింది.

"స్వాములున్నారని చూళ్లేదన్నా. నేను బయటున్నాను. ఇంకో బండేమన్నా వస్తుందేమో చూస్తా."

నెలసరిలో ఉన్న ఆడది స్వాముల దరిదాపులకి రాకూడదు మరి. మొగుడి ప్రాణం పోతుంటే ఈ పిచ్చితల్లి మైల గురించి ఆలోచిస్తోంది! నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"పేట ఆసుపత్రికెళ్లాలంటే మళ్లీ మనూళ్లోంచే పోవాలి" అన్నాడు వీరాంజనేయులు స్వామి. "రైలు పోద్ది. పైగా దారిలో వాడికేమన్నా అయితే చావుమైల. అందరం మాలలు తీసెయ్యాల్సిందే. వేరే బండికి కబురు పెడదాం."

"ఎవరు పెడతారయ్యా, గాలా?" అని అరిచాను.

గురుస్వామి ఇరుముడిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. అక్కడ బుల్లయ్య కాళ్లు కొట్టుకోవడం ఆగిపోయింది. నేను దిగి ఎత్తబోయాను, ఒక్కడి వల్ల కాలేదు.

అప్పుడు గురుస్వామి ఇరుముడిని వీరాంజనేయులు చేతిలో పెట్టి దిగాడు.

"మీరు ఏ బస్సో పట్టుకుని పోండి స్వామీ. రైలు అందుద్ది."

బుల్లయ్య చొక్కా చింపి పారేశాడు. తన తువ్వాలు కాలవ నీళ్లలో తడిపి అతని ఒళ్లంతా తుడిచాడు. మిగతా స్వాములు దిగిపోయారు. మొక్కని కిందకి దించేసి ఆ చోట బుల్లయ్యని పడుకోబెట్టాం. చెంచమ్మ ఇంకా దూరంగానే ఉంది.

"ఎక్కమ్మా."

"నేను రాకూడదు స్వామీ, మీకు పాపం."

"ఆ పాపమేదో నేను చూసుకుంటా. వాడి తల ఒళ్లో పెట్టుకో. ఎక్కు!"

ఆ అరుపుకి ఆమె ఎక్కేసింది.

"తిప్పరా బండి" అన్నాడు నాతో.

వాకిట్లో కోటిరత్నం మమ్మల్ని చూసి, "అయ్యో, వెనక్కొచ్చారేందండీ!" అని గుండె పట్టుకుంది. ఆయన ఈసారి భార్య ముఖంలోకి సూటిగా చూశాడు. "ఆసుపత్రికి!" అని కేకేశాడు. నేను హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

"ఊపిరి ఆడట్లేదు స్వామీ" అని వెనక చెంచమ్మ ఏడుస్తోంది. ఆయన బుల్లయ్యని పక్కకి తిప్పి, నోట్లో నురగని వేళ్లతో లాగేస్తున్నాడు. దారి పొడుగునా ఆయన నోట శరణుఘోష రాలేదు. "ఒరేయ్ బుల్లయ్యా, వింటున్నావా, పలకరా" అనే అన్నాడు.

పేటలో డాక్టరు ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు చేశాడు. రైలు వెళ్లిపోయే వేళ ఎప్పుడో దాటింది. మధ్యాహ్నానికి డాక్టరు బయటికొచ్చి, "ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదు. బతుకుతాడు" అన్నాడు. చెంచమ్మ గోడకి చేరగిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి.

గురుస్వామి మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. పంచె నిండా వాంతి మరకలు. పద్దెనిమిదో యాత్ర ఇలా అయిపోయిందని నా ప్రాణం ఉసూరుమంది.

"మాల తీసేస్తారా గురుస్వామీ?" అని అడిగాను.

"ఇప్పుడే ఎట్టా తీస్తానురా? వీణ్ణి ఇంటికి చేర్చాక తీస్తా" అని, మంచం కింద వాంతి బేసిన్ అందుకుని కడగడానికి పోయాడు.