కంటికి బొట్టు

నేను ఒక నిఘా కెమెరాని. కన్నుంది, చెవి ఉంది, నోరు లేదు. నోరే ఉంటే ఎప్పుడో చెత్తబుట్టలో పడి ఉండేదాన్ని.

పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో, వేలమంది తోబుట్టువుల మధ్య. మొదటి కొలువు విశాఖపట్నంలో ఒక మిఠాయికొట్టు. దొంగల్ని పట్టమని యజమాని నన్ను గల్లాపెట్టె మీద బిగించాడు. నేను పట్టిచ్చింది ఆయన్నే. చక్కెర జబ్బు మనిషి, ఎవరూ లేకుండా చూసి కాజాలు నోట్లో వేసుకుంటుంటే ఇంట్లో కూర్చున్న భార్య చూసేసింది. మర్నాడే నన్ను పీకి అమ్మేశాడు. మనుషులకు నాలాంటి కన్ను కావాలి గానీ, అది పక్కవాడి వైపే చూడాలి.

అలా హైమావతిగారి చేతికొచ్చాను. ఆవిడ కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతారు. కాపురం విశాఖలో. ఉద్దానంలో జీడితోట మధ్య ఒక పెంకుటిల్లు కట్టించి, సెలవులకు వచ్చేవాళ్లకు అద్దెకిస్తున్నారు. అతిథులకు తలుపు తీసేదీ, వండిపెట్టేదీ, వాళ్లు వెళ్లాక ఊడ్చి తుడిచేదీ ఆ ఊరి దాలమ్మ. భర్త పోయాక ఆమె పొయ్యి వెలుగుతున్నది ఆ పని మీదే, తల దాచుకుంటున్నది తోట చివరి గదిలోనే. ఇంటిని దాలమ్మ కనిపెట్టుకుని ఉంటే, దాలమ్మను కనిపెట్టడానికి నన్ను వసారా స్తంభానికి తగిలించారు.

దాలమ్మ నన్ను యంత్రమనుకోలేదు, సాక్షాత్తూ హైమావతిగారే అనుకుంది. పొద్దున్నే కళ్లాపి చల్లి, నా ముందు నిలబడి, "నిన్నటోల్లు మంచోల్లేనమ్మా, దుప్పట్లు మడతెట్టి మరీ ఎల్నారు" అని కబుర్లు చెప్పేది. నేను బొమ్మను పంపగలను గానీ మాటను పంపలేను. అక్కడ ఆవిడ ఫోన్‌లో చూసి, "పని మానేసి కెమెరా ముందు నిలబడి నవ్వుతుందేమిటీవిడ!" అని విసుక్కునేవారట.

దసరాకి ఆయుధపూజ వచ్చింది. కత్తిపీట, కొడవలి, బావి మోటారు, సైకిలు, అన్నింటికీ దాలమ్మ పసుపూ కుంకుమా పెట్టింది. సెల్‌ఫోను మాత్రం పనిముట్టు కాదా? దాన్నీ బొట్టు పెట్టి అమ్మవారి పటం ముందు పడుకోబెట్టింది. పూజ చేసినవాటికి ఆ రోజంతా సెలవు, ముట్టకూడదు. చివరికి ముక్కాలిపీట ఎక్కి నా దగ్గరకొచ్చింది. అన్నింటికీ నుదుట పెట్టింది గానీ, నాకు నుదురేది? ఉన్నదంతా కన్నే. నిండుగా పసుపు మెత్తి, నడిమధ్య కుంకుమ దిద్ది, దండం పెట్టుకుంది. నాకు లోకమంతా చీకటైపోయింది.

అక్కడ హైమావతిగారికీ అదే చీకటి. ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా! అతిథులున్నారని కూడా చూడకుండా దాలమ్మ పండగకి చుట్టాలందర్నీ ఇంట్లో దింపి, కనపడకుండా కెమెరా మూసేసిందని తీర్మానించేశారు. ఆ రోజే ఆమెను పంపించేసి, అతిథులు వెళ్లాక ఇల్లు మూసేద్దామని, దారిలో ఒక కొత్త తాళం కొని, కారులో బయలుదేరారు. ఇదంతా తర్వాత ఆవిడ నోటే విన్నాను.

నాకు కనపడటం లేదు గానీ వినపడుతోంది. బావి గిలక కిర్రుమంటోంది. మోటారుకు సెలవు కదా, ఆ పొద్దునే దిగిన అతిథుల కోసం దాలమ్మ చేదతో నీళ్లు తోడుతోంది. "నాకివ్వండి పిన్నిగారూ" అని ఒకాయన తాడందుకోబోతే, "మీరు కూకోండి బాబూ, సుకపడ్డానికొచ్చినారు" అంటోంది. ఇంతలో కారు తలుపు దబ్బున పడింది.

"దాలమ్మా! కెమెరాకి ఏం పూశావు?"

"బొట్టెట్టినానమ్మా. ఎండనక వాననక ఇంటిని కాసుకున్నాది గదా. మీకే ఎట్టినట్టనుకున్నాను."

"ఫోనెందుకు ఎత్తవు?"

"అమ్మోరి కాడ తొంగున్నాదమ్మా, రేపటిదాకా ముట్టకూడదు. మోగినప్పుడల్లా మీరేనని దండవెట్టుకున్నాను."

హైమావతిగారి చేతిలో సంచీ గలగలమంది.

"కొత్త తాళవా అమ్మా? ఇనప సామాను, మంచిరోజున తెచ్చినారు. ఇలాగియ్యండి." దాలమ్మ దానికీ బొట్టు పెట్టి పటం ముందు పెట్టేసింది. తనను బయట నిలబెట్టడానికి వచ్చిన తాళమని ఆమెకేం తెలుసు? పిచ్చితల్లి! నా కన్ను మూసుకుపోయి ఉంది గానీ, లేకపోతే తడిసేది.

"తాళం సెవులు రెండున్నాయమ్మా. ఏటి సెయ్యమంటారు?"

"రెండూ నీ దగ్గరే ఉంచు." హైమావతిగారికి సిగ్గేసింది, ఆ సిగ్గు నాకు వినపడింది. "ముందు ఆ చేద ఇలా ఇవ్వు."

"ఓలమ్మ! మీరు తోడతారేటి? తాడలాగ కాదమ్మా!"

మర్నాడు దాలమ్మ తడిగుడ్డ పిండి పీట ఎక్కిన చప్పుడైంది.

"ఉండనీలే దాలమ్మా."

"మరి మీకేటీ కనపడదు గదమ్మా?"

"ఏం పరవాలేదు. రోజూ ఫోన్ చేస్తాను, నువ్వే చెబుదువుగాని."

నేనింకా ఆ స్తంభానికే ఉన్నాను. పసుపు ఎండి పెచ్చులుగా రాలుతోంది. ఒక అంచున కాస్త వెలుతురు కూడా కనిపిస్తోంది. నాకేం తొందరలేదు.