దాఖలా లేని పురుగు

చిగ్గర్‌కి పేరు పెట్టాలంటే ముందు దాన్ని ఖాళీ చెయ్యాలి. ఆవగింజలో పదో వంతు ఉంటుంది, పొదల్లో ఉండి ఎలుకల్నీ మనుషుల్నీ కుట్టే ఆ నల్లి పిల్ల. గాజుపలక మీద మందు చుక్కలో పడుకోబెడితే లోపలి మెత్తటిదంతా నెమ్మదిగా కరిగిపోయి పైతోలు మాత్రం అద్దంలా మిగులుతుంది. అప్పుడు మైక్రోస్కోపు కింద దాని వీపు మీది పలక తేలుతుంది. పలక మీద వెంట్రుకలెన్ని, ఏ వరసలో ఉన్నాయి, కొనలు నున్నగా ఉన్నాయా, ఈకల్లా చీలాయా, అదే దాని జాతకం. కరిగిపోయినదాంట్లో ఏముండేదో, దాని పొట్టలో ఏ బాక్టీరియా కాపురం చేసేదో ఇంకెవరూ చెప్పలేరు.

అతను జుట్టు నల్లగా ఉన్నప్పట్నుంచీ చేస్తున్న పని అది. పురుగుల్ని పరీక్షించే ఆ ఆఫీసులో వెనకాల అతన్ని భూతద్దం అనేవాళ్ళు. గోడకి అవతలి గదిలో ఒకావిడ ఉండేది. ఆవిడ పని దీనికి సరిగ్గా ఎదురు. పురుగుని నూరి, జ్వరం తెప్పించే బాక్టీరియా అందులో ఉందో లేదో చూస్తుంది. నూరేశాక అది ఏ పురుగో బ్రహ్మ కూడా చెప్పలేడు. ఆవిణ్ణి గ్రైండరమ్మ అని మొహం మీదే పిలిచేవాళ్ళు. ఆవిడ పట్టించుకునేది కాదు. ఎలుక చెవిలో గుప్పెడు పురుగులు దొరికితే ఏ గొడవా లేదు, సగం అతనికి, సగం ఆవిడకి.

ఈసారి దొరికింది ఒక్కటే. అది దొరికింది అతని తమ్ముడి మోకాలి మడతలో.

తమ్ముడు ఆఫీసు జీపు డ్రైవరు. ఆ ఉద్యోగం అన్న వేయించిందే. మూతబడ్డ ఇటుకబట్టీ వెనక పొదల్లో మనుషుల్ని కుట్టే రకం ఒకటి, ఇంతవరకు ఎవరి కంటా పడనిది, ఉందని అతనికి చాలాకాలంగా అనుమానం. అయితే మనిషిని కుడుతుందని చెప్పాలంటే అది మనిషి ఒంటి మీదే దొరకాలి. ఒక ఉదయం బట్టీ దగ్గర జీపు ఆపించి, "ఒరే, పాంటు మడిచి ఆ గడ్డిలో కాసేపు కూర్చో" అన్నాడు.

"ఎరగానా అన్నయ్యా?"

"ఎరని చేప మింగుతుందిరా. నిన్నెవడు మింగుతాడు? ఊరికే కూర్చో."

తమ్ముడు నవ్వి, చెప్పులు విడిచి, ఎవరింటికో భోజనానికి వెళ్ళినవాడిలా గడ్డిలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అతను పాంటు అంచులు బూట్లలోకి దోపుకుని, బూట్లకి పురుగులమందు పూసుకుని, జీపులోంచి చూశాడు. చిన్నప్పట్నుంచీ అంతే. గ్లాసులోది పుల్లగా ఉందో లేదో ముందు తమ్ముడు తాగి చెప్పేవాడు. కుక్క కరిచేదో కాదో ముందు తమ్ముడు నిమిరి చెప్పేవాడు. ఎప్పుడూ ఎందుకని అడగలేదు. ఎదురు చెప్పని మనిషి మీద జాలి ఎక్కువసేపు నిలవదనీ, అది కొన్నాళ్ళకి చిరాకవుతుందనీ, ఆ చిరాకు కూడా అవతలివాడు ప్రేమే అనుకుంటాడనీ అతను తన లోపలే చూసి తెలుసుకున్నాడు.

మర్నాడు తమ్ముడి మోకాలి వెనక నారింజరంగు చుక్క కనిపించింది. సూదిమొనతో లేపి స్పిరిట్ సీసాలో వేశాడు. పైపైన చూస్తేనే పలక ఆకారం వేరేగా ఉంది. పుస్తకాల్లో లేని ఆకారం. సీసా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పలక ఆకారం సరిపోల్చడానికి పాత స్లైడులన్నీ ఒక్కొక్కటే తీస్తూ, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఒక వారం దాటించాడు. ఆ వారమంత సుఖంగా అతను ఎప్పుడూ లేడు.

తర్వాత ఒకరోజు జీపు రాలేదు. మధ్యాహ్నం తమ్ముడి భార్య ఆఫీసుకొచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"బావగారూ, మీ తమ్ముడికి జ్వరం దిగట్లేదు. తల పగిలిపోతోందంటున్నారు. మోకాలి వెనక బీడీతో కాల్చినట్టు నల్లటి పొక్కు వచ్చింది. మీరు పురుగు తీసింది అక్కడేగా?"

"ఆ దగ్గర్లోనే అనుకుంటానమ్మా."

"ఆస్పత్రిలో చేర్చాను. డాక్టరు అది డెంగీ కావచ్చంటున్నాడు. నేను పురుగు సంగతి చెప్తే, మీతో ఫోన్లో మాట్లాడతానన్నాడు."

ఆమె వెళ్ళగానే గ్రైండరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గోడ పల్చన.

"ఆ పురుగు ఇలా ఇవ్వండి. సాయంత్రానికి చెప్పేస్తాను."

"ఏ పురుగు?"

"మీ జేబులోది. జీతం తెచ్చుకున్నవాడిలా ఊరికే తడుముకుంటున్నారుగా."

"ఒక్కటే ఉందండీ. పేరు తేలాక ఇస్తాను."

"పేరు తేలాక ఏమిస్తారు, తొక్కా?"

అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "రోగి ఉంటే ముందు నూరుడు, తర్వాత పేరు. ఇది నేను పెట్టిన రూలు కాదు. పైగా ఆ రోగి మీ తమ్ముడు" అని, చేతికి తొడుక్కున్న గ్లవుజు విప్పకుండానే అరచెయ్యి చాపింది. ఆ చేతిలో ఏమీ పెట్టకుండా, "ఒక్క పది నిమిషాలు" అన్నాడు. ఆవిడ వెళ్ళిపోయింది.

అతను తలుపు దగ్గరగా వేశాడు. గాజుపలక మీద మందు చుక్క వేసి, పురుగుని అందులో బోర్లా పడుకోబెట్టి, పైన పల్చటి గాజుబిళ్ళ దించాడు. ఏ రకమో త్వరగా తెలిస్తే తమ్ముడికే మంచిదని మనసులో ఒక గొంతు చెప్పింది. ఆ గొంతు అబద్ధమని అతనికి తెలుసు. తెలిసీ దాన్ని మధ్యలో ఆపలేదు. బాగా చదువుకున్నవాడి వాదన విన్నట్టు చివరిదాకా ఆసక్తిగా విన్నాడు. గాజు కింద నారింజరంగు అప్పుడే పల్చబడుతోంది. ఇప్పుడింక ఎవరు చెయ్యి చాపినా ఇవ్వడానికి ఏమీ లేదు. ఎంత తేలిగ్గా అనిపించిందో.

తర్వాత డాక్టరు ఫోన్ చేశాడు. వెనకాల వార్డు గోల వినిపిస్తోంది.

"సార్, ఈ విషయంలో మీ తర్వాతే ఎవరైనా అంటున్నారు ఇక్కడ. ఒక్క మాట చెప్పండి. మీ తమ్ముణ్ణి కుట్టింది ఆ జ్వరం మోసే రకమేనా?"

తెలియదు, అయినా మందు మొదలుపెట్టండి అంటే సరిపోయేది. మందు ఏ వీధి దుకాణంలోనైనా దొరికే మామూలు మాత్ర. అయితే ఆ వెంటనే డాక్టరు, మరి పురుగుని పరీక్షకి పంపారా అంటాడు. ఎందుకు పంపలేదో చెప్పాల్సి వస్తుంది. స్లైడు బయటికొస్తుంది. పెద్దాఫీసరు గదిలో నిలబడాల్సి వస్తుంది. ఇన్నీ అతనికి ఒక్క ఊపిరిలో కనిపించాయి. ఆ వరస చివర, చాలా చిన్నగా, తమ్ముడు కూడా కనిపించాడు.

"ఈ రకం ఆ బాక్టీరియాని మోసినట్టు ఇప్పటిదాకా ఎక్కడా దాఖలా లేదు" అన్నాడు.

"హమ్మయ్య. అయితే వేరే దారిన చూస్తాను" అని డాక్టరు పెట్టేశాడు.

అందులో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. నిన్నటిదాకా ఎవరూ చూడని పురుగు మీద ఏ దాఖలా మాత్రం ఎలా ఉంటుంది? నిన్న పుట్టిన పిల్లాడి మీద పోలీసు కేసు ఉండనట్టే. లెక్క ఖాళీగా ఉండటం వేరు, లెక్క తేలటం వేరు. తన కింద పనిచేసేవాళ్ళకి అతను మొదటి వారంలోనే నేర్పే పాఠం అది. డాక్టరుకి ఆ పాఠం తెలియదనీ అతనికి తెలుసు.

రోజూ పొద్దున్నే, ఇవాళ ఫోన్ చేద్దాం అనుకునేవాడు. పలక బొమ్మ గీయడం మొదలుపెడితే వెంట్రుకల కొనల దగ్గరికొచ్చేసరికి మధ్యాహ్నమైపోయేది. అంత చక్కటి బొమ్మ అతను ఎప్పుడూ గీయలేదు. తమ్ముడికి ఊపిరాడటం లేదనీ, మనుషుల్ని పోల్చుకోవడం లేదనీ ఇంటినుంచి కబుర్లు వస్తున్నాయి. ఆస్పత్రికి వెళ్ళాడు కూడా. అద్దం తలుపులోంచి చూశాడు. మంచం మీద తమ్ముడి పాదాలు దుప్పటి బయటికి ఉన్నాయి. ఇంకా చెప్పొచ్చు అనుకున్నాడు. ఇప్పుడు చెప్తే, మొన్న ఎందుకు చెప్పలేదని అడుగుతారనుకున్నాడు. గడిచిన ప్రతి రోజూ ఆ ప్రశ్నని ఇంకాస్త పెద్దది చేస్తోంది. దాని జవాబు మాత్రం మొదటిరోజున్నంతే ఉంది.

అసలు సంగతి ఆస్పత్రి వరండాలోనే బయటపడింది. చూడటానికి వచ్చిన గ్రైండరమ్మతో మరదలు, "బావగారు అది మంచి రకమే అన్నారటండీ, మరి ఇలా ఎందుకయిందో" అంది.

"మంచి రకమా? దానికింకా పేరే లేదమ్మా" అంది గ్రైండరమ్మ. అతని వైపు చూసింది. చూపు మళ్ళీ అతని జేబు మీదికి వెళ్ళింది. జేబు ఖాళీగా ఉంది. ఆవిడ ఇంకేమీ అడగకుండా తిన్నగా డాక్టరు గదిలోకి వెళ్ళింది. ఆ పూటే మందు మొదలుపెట్టారు. తీసిన రక్తంలో బాక్టీరియా ఉన్నట్టు తేలింది. అది ఏ పురుగు మోసుకొచ్చిందో తేల్చడానికి పురుగు లేదు.

తమ్ముడు బతికాడు. చెవులు పోయాయి. తిరిగి వస్తే రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు డాక్టరు.

మామూలు వార్డుకి మార్చాక అతను చూడటానికి వెళ్ళాడు. తమ్ముడు దిండుకి ఆనుకుని ఉన్నాడు. పక్కన మరదలు కమలాపండు ఒలుస్తోంది. అన్నని చూడగానే తమ్ముడి ముఖం వెలిగిపోయింది. తన గొంతు తనకి వినపడదు గనక వార్డంతా అదిరేలా మాట్లాడాడు.

"మా అన్నయ్యండీ" అన్నాడు పక్కమంచం ముసలాయనతో. "నన్ను కుట్టిన పురుగుని కనిపెట్టింది ఈయనే. ప్రపంచంలో ఇంకెవరూ చూళ్ళేదు."

"కనిపెట్టి ఏం చేశాడు?" అన్నాడు ముసలాయన.

తమ్ముడు నవ్వుతూ తలూపాడు.

మరదలు ఒక తొన తీసి భర్త నోట్లో పెట్టింది. అతనివైపు తిరిగి, పెదవుల మీద నవ్వు చెదరకుండా, "మీరూ నవ్వుతూ ఉండండి బావగారూ. ఆయన మీ ముఖమే చూస్తున్నారు" అంది.

అతను నవ్వాడు.

"గ్రైండరమ్మగారు నాకు అన్నీ అర్థమయ్యేలా చెప్పారు. ఆ మాత్ర మా వీధి చివర దొరుకుతుందటగా?"

"నేను అబద్ధం చెప్పలేదమ్మా."

"లేదు. అబద్ధమైతే ఎవరో ఒకరు పట్టుకునేవాళ్ళు." ఇంకో తొన మీది పీచు తీసింది. "నేను చెప్తే ఆయన నమ్మరు. పైగా అన్నయ్యని అంటావా అని నాతో మాట్లాడ్డం మానేస్తారు. ఇప్పుడు ఆయనకి మిగిలిన మనుషులం మనిద్దరమే. నేను మాత్రం చెప్పను."

"నేను చెప్తాను వాడికి."

"చెప్పండి. వినపడదు కాబట్టి రాయాలి. కాగితం అదిగో. పెన్ను మీ దగ్గరుంది. నేను ఆపను."

ఆమె నిజంగానే ఆపలేదు. మందుల చీటీ తిప్పి అతని ముందుకి జరిపింది. అతను పెన్ను తీశాడు. వాక్యం సిద్ధంగానే ఉంది. ఎన్నో రోజులుగా అది ఉన్నచోటే, వంకర లేకుండా ఉంది. తమ్ముడు మెడ చాచి కాగితం మీదికి వంగాడు. బుగ్గల దగ్గర ఎముకలు తేలిన ఆ ముఖం నిండా ఉత్సాహమే. దాన్ని చూస్తుంటే అతనికి పాత చిరాకు లేచింది. వీడు ఒక్కసారి, ఒకే ఒక్కసారి అనుమానంగా చూస్తే రాయడం ఎంత సులువయ్యేదో అనిపించింది.

"పేరు రాస్తున్నావా అన్నయ్యా? ఏం పేరు పెట్టావు దానికి?"

పెన్ను ఆగింది. తర్వాత అతను తమ్ముడి పేరు రాసి, దాని చివర, మనిషి పేరు పురుగుకి పెట్టేటప్పుడు ఆ శాస్త్రంలో తగిలించే లాటిన్ తోక తగిలించాడు. ఆ క్షణం వరకు ఆ ఆలోచనే లేదు. రాశాక చూసుకుంటే పేరు బాగా కుదిరింది. ఇదే ఉంచెయ్యొచ్చు అనుకున్నాడు.

తమ్ముడు అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ గట్టిగా చదివాడు. అది తన పేరేనని అర్థం కాగానే మళ్ళీ మొదట్నుంచీ చదివాడు. కాగితాన్ని ముసలాయనకి చూపించాడు, అటుగా వెళ్తున్న నర్సుకి చూపించాడు. అన్న చెయ్యి పట్టుకుని తన చెంపకి ఆనించుకున్నాడు.

మరదలు కాగితం అందుకుని చూసింది. "బావుంది" అంది. ఒడిలో పడ్డ తొక్కలు ఏరి కవరులో వేసింది. "రేపు ఇంకాస్త ముందే రండి బావగారూ. పొద్దున్న లేచినప్పట్నుంచీ మీ కోసం గుమ్మం వైపే చూస్తుంటారు."

తమ్ముడు చెయ్యి వదల్లేదు. అరచెయ్యి వెచ్చగా, తడిగా ఉంది. వదిలించుకోవడానికి ఏ కారణమూ దొరక్క అతను అలాగే నిలబడ్డాడు, నవ్వుతూ.