ముక్కు మేస్త్రి

దాణా మిల్లులో ఆయన్ని అందరూ ముక్కు మేస్త్రి అనేవారు. గేటులోకి వచ్చిన ప్రతి లారీ ముందు ఆయన దగ్గరే ఆగాలి. సంచిలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, సరుకు మంచిదో కాదో చెప్పేసేవాడు. "మా బావ ముక్కు ఉన్నంతకాలం ముక్కిన సరుకు మా గేటు దాటదు" అని యజమాని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఆ యజమాని మేస్త్రి భార్యకు అన్నయ్య. మిల్లు వెనక ఇల్లు ఇచ్చిందీ ఆయనే. దాణా సంచుల మీద చేతిలో తవుడుతో మేస్త్రి బొమ్మ అచ్చు వేయించిందీ ఆయనే.

ఆ వానాకాలంలో మేస్త్రికి జ్వరం వచ్చింది. జ్వరమైతే తగ్గింది గానీ వాసన తిరిగి రాలేదు.

మొదట్లో జలుబనుకున్నాడు. తర్వాత భయం పట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. కళ్లతో, వేళ్లతో, పళ్లతో నెట్టుకొచ్చాడు. వేరుశనగ చెక్క విరిచి లోపల బూజు పచ్చగా ఉందేమో చూసేవాడు. మొక్కజొన్న గింజను పంటితో కొరికి చెమ్మ కనిపెట్టేవాడు. ఆ పైన అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, తల పంకించేవాడు. ఆ తల పంకించడమే ఆయనకు నరకంగా ఉండేది.

ముందు కనిపెట్టింది భార్య. ఒకరోజు ఆయన పొయ్యి పక్కనే కూర్చుని ఉండగా పాలు అడుగంటి మాడిపోయాయి. ఆవిడ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఇల్లంతా కంపు కొడుతుంటే మీకు తెలియడం లేదా?"

ఆవిడ ఆయన మొహం చూసి గిన్నె కింద పెట్టేసింది.

"ఎన్నాళ్లనుంచి?"

"జ్వరం తగ్గినప్పట్నుంచీ."

"అన్నయ్యకి చెప్పండి."

"చెబితే ఈ ఇంట్లో ఉండనిస్తాడా? ఈ వయసులో నాకింకేం పని వచ్చు?"

ఆవిడ మాడిన గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

కళ్లకూ వేళ్లకూ దొరకనిది తవుడు. తవుడులో నూనె ఉంటుంది. పశువుకు కొవ్వూ బలమూ ఇచ్చేది అదే, త్వరగా చెడిపోయేదీ అదే. కనరెక్కిన తవుడు చూపుకు నిగనిగలాడుతూనే ఉంటుంది, వాసనే దాన్ని పట్టిస్తుంది. అలాంటి లారీ ఒకటి వచ్చింది. మేస్త్రి గుప్పెడు తీసి పిసికి చూశాడు, తల పంకించాడు. లారీ లోపలికి వెళ్లింది.

వారం తిరక్కుండా పాల డైరీ నడిపే ఒకావిడ దాణా సంచి ఆటోలో వేసుకుని వచ్చేసింది.

"మా ఆవులు మూతి పెట్టి వెనక్కి తీసేసుకున్నాయండీ. పాలు సగానికి పడిపోయాయి."

యజమాని నవ్వుతూ మేస్త్రిని పిలిచాడు. "బావా, నువ్వే చెప్పు. ఇది మన సరుకేనా?"

చుట్టూ హమాలీలు, డ్రైవర్లు. మేస్త్రి గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గాలి తప్ప ఏమీ లేదు. బాగుందంటే ఆవిడ ఆవులు అబద్ధమాడినట్టు. బాగాలేదంటే తన మెడకు తానే ఉరి తగిలించుకున్నట్టు. ఆవులనే నమ్మాడు.

"చెడిపోయింది" అన్నాడు.

యజమాని తడుముకోకుండా తప్పంతా గోడౌన్ చెమ్మ మీదకు తోసేశాడు. ఆవిడకు వేరే సంచులు ఇప్పించి, మేస్త్రిని ఆఫీసు గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాడు.

"నాకు వాసన తెలియడం లేదు బావా. జ్వరం తర్వాత పోయింది. నన్ను పంపించెయ్" అన్నాడు మేస్త్రి. ఆ మాట బయటికొచ్చాక గుండె మీద బరువు దిగినట్టయింది.

ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు. యజమాని కిటికీలోంచి బయటికి చూస్తూ, "పంపించడమేంటి? సంచుల మీద బొమ్మ ఎవరిది? జనం కొనేది దాణానా, నీ ముక్కునా? రేపట్నుంచి సరుకు చాటుగా ల్యాబుకి పంపిస్తా. నువ్వు మాత్రం గేటు దగ్గర ఎప్పట్లాగే వాసన చూడు. ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి" అన్నాడు.

"నీ చెల్లెలికి తెలుసు."

"అది ఎవరితోనూ అనదులే."

బయటికొస్తే గేటు ముందు లారీ ఉంది. మేస్త్రి వెళ్లి సంచిలో చెయ్యి పెట్టాడు.

తర్వాతి నెలలో డైరీ ఆవిడ మళ్లీ వచ్చింది. ఈనబోయే ఆవుకు ఏం పెట్టాలని అడిగింది. మేస్త్రి ఓపిగ్గా చెప్పాడు. కడుపులో దూడ కండ పట్టడానికి వేరుశనగ చెక్క, ఒంట్లో సత్తువకు మొక్కజొన్న, చూపు దెబ్బతినకుండా పచ్చగడ్డి, ఈనాక ఒంట్లోని సున్నం పాలలోకి పోయి ఆవు కూలబడిపోకుండా డాక్టరు చెప్పిన లవణాల పొడి. చెబుతున్నంతసేపూ ఆయన గొంతులో పాత మేస్త్రి పలికాడు. ఆ చదువు మాత్రం ఏ జ్వరమూ ఎత్తుకుపోలేదు.

ఆవిడ సంచి విప్పి ముందు పెట్టింది. "ఒక్కసారి మీరు వాసన చూసి ఇవ్వండి బాబాయ్‌గారూ. మీరు సరేనంటే నాకు చాలు."

యజమాని ఆఫీసు గుమ్మంలోంచి చూస్తున్నాడు. మేస్త్రి గుప్పెడు ముక్కు దాకా తీసుకెళ్లి, గొంతు తగ్గించి అన్నాడు.

"అమ్మా, ఇంటికెళ్లాక ముందు గుప్పెడు మీ ఆవుకే పెట్టి చూడు. అది తినకపోతే నా మాట నమ్మకు. నా ముక్కు పనిచెయ్యడం లేదు."

ఆవిడ పకపకా నవ్వింది. "భలేవారే! ఇంత పేరున్నా ఎంత అణకువండీ మీకు" అని సంచులు ఆటోకెక్కించమంది.

మేస్త్రి ఇంకోసారి చెప్పడానికి నోరు తెరిచాడు. అప్పటికే ఆటో కదిలిపోయింది. "బావా, లారీ ఆగింది" అని గుమ్మంలోంచి కేక వినబడింది.