చూడకుండా ఇచ్చిన సైకిలు

రాయదుర్గం మెట్రో మెట్ల కింద కిరాయి సైకిళ్ల స్టాండులో నర్సింహ మెకానిక్కు. ప్రతి సైకిలుకూ బ్రేకు చూసి, చూసినట్టు పుస్తకంలో రాసి ఇవ్వడం అతని పని. ముందటి ఏళ్లలో వానలు మొదలైతే స్టాండుకు తాళం పడేది. మెంబర్లు పెరిగేకొద్దీ కంపెనీవాళ్లకు ఆశ పెరిగి, పోయినేడు నుంచి ఏడాది పొడుగూతా నడపాలన్నారు. వానలోనూ జనం వచ్చారు. పొద్దున ఎనిమిదికల్లా లైను మెట్ల పైదాకా పాకేది.

ఆ జూలైలోనే జ్యోత్స్న పోయింది. రోజూ సైకిలు తీసుకుంటూ అతన్ని పేరు పెట్టి పలకరించే పిల్ల. నీళ్లు నిండిన గుంతలో ముందు చక్రం దిగి, వెనకొచ్చే బస్సు కింద పడింది. బ్రేకు తీగలు తెగిపోయి ఉండటంతో అప్పుడు బ్రేకు పడిందో లేదో తేలలేదు. తప్పు గుంతదేనని పోలీసులు రాసుకుపోయారు. కంపెనీవాళ్లు కొత్త చక్రం, కొత్త బ్రేకులు వేసి అదే సైకిలును మళ్లీ స్టాండుకు పంపారు.

నర్సింహ దాన్ని రోజూ చివర నిలబెట్టేవాడు. అయినా ఎవరో ఒకరు తీసుకుపోయేవారు. అది తిరిగొచ్చేదాకా అతను రోడ్డు వైపే చూస్తుండేవాడు. చినుకు పడితే చాలు, చెవిలో బ్రేకు కీచుమనేది.

ఈ శ్రావణంలో ఒక పొద్దున, తుంపరలో ఒకావిడ వచ్చింది. కడప నుంచి వచ్చానని, జ్యోత్స్న తల్లినని, పేరు నాగమణి అని చెప్పింది. తానూ మెంబరుగా చేరిందట. తన బిడ్డ ఎక్కిన సైకిలు ఏదో చూపించమంది.

నర్సింహ అబద్ధం చెప్పి తప్పించుకోగలిగేవాడే. కానీ వేలు దానంతటదే ఆ సైకిలు వైపు లేచింది. వేలు వెంట మాటా వచ్చేసింది.

"ఆ దినం లైను మస్తుండె అమ్మా. బ్రేకు చూడలే. చూసిన అని రాసిన."

ఆమె ఆ సైకిలు సీటు మీది చినుకులను కొంగుతో తుడిచింది. లైనులోవాళ్లు గొణుగుతున్నారు.

"ఈ పొద్దు చూసియ్యి," అంది చివరికి.

రెండు బ్రేకులూ నొక్కి చూసిచ్చాడు. చీర కుచ్చిళ్లు దోపుకుని ఆమె ఎక్కింది. చిన్నప్పుడు బడికి తొక్కిన అలవాటేమో, తూలకుండా పోయింది. అరగంటకు తడిసి ముద్దయి వచ్చి సైకిలు అప్పగించింది.

"ఆ పొద్దు బ్రేకు పడిందో లేదో నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఇంగెప్పటికీ తెలీదు. నువ్వు రాసింది మాత్రం మార్పించు నాయనా."

ఆ మధ్యాహ్నమే నర్సింహ ఆఫీసుకు పోయి ఉన్నదున్నట్టు చెప్పాడు. పెద్దసారు తలుపు మూసి, ఇంకెవరికీ చెప్పొద్దన్నాడు. నర్సింహ తెల్లకాగితం అడిగి, జరిగింది రాసి, సంతకం చేసి టేబులు మీద పెట్టాడు. మర్నాటి నుంచి పనిలోకి రావద్దన్నారు.

ఇప్పుడు ప్రగతి నగర్‌లో ఒక సైకిళ్ల షాపులో పనిచేస్తున్నాడు. వాన రోజున ఎవరైనా రిపేరుకొస్తే బ్రేకు నొక్కుతాడు, వదులుతాడు, మళ్లీ నొక్కుతాడు. బాగానే పడుతోంది కదా, ఇంక ఇచ్చెయ్యమంటారు వాళ్లు. అతని చెయ్యి మాత్రం బ్రేకు మీంచి రాదు.